చీమలు పట్టిన బొమ్మ

నేను చెప్పే సబ్జెక్టు ఎకనామిక్స్. బొమ్మలకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. పిల్లల ప్రదర్శన అంటే ఛార్టుల మీద నెమలినీ గ్లోబునీ అతికించడం కాదని స్టాఫ్ మీటింగులో గట్టిగా వాదించాను, అంతే. ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అట్లయితే మీరే చెయ్యుండ్రి మేడం" అన్నారు. ఆయన అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నిజామాబాద్‌లో మా డిగ్రీ కాలేజీ పిల్లలూ, బోధన్‌లో ఇంకో కాలేజీ పిల్లలూ కలిసి ఒకే బొమ్మ చెయ్యాలని నేను పట్టుబట్టాను. ఎవరిది వాళ్లు గీసుకుని పక్కపక్కన తగిలిస్తే కలిసి చేసినట్టు కాదు, ఒకే బస్సెక్కినట్టు. పిల్లలు పాత నూలు దుప్పట్లు చింపి, అంచుకు అంచు కుట్టి, హాల్లో గోడ పొడవునా పట్టేంత బట్ట తయారుచేశారు. మా టౌన్ వైపు సగాన్ని పసుపు నీళ్లలో ఉడికించారు. పసుపు తెచ్చింది వేల్పూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే అబ్బాయి. బోధన్ వైపు సగం తెల్లగానే ఉంచి, దాని మీద ఒక అమ్మాయి చెరుకు బండ్లు వరుసగా పోయే దారి గీసింది. ముదురు గోధుమ రంగు, అక్కడక్కడ మెరుస్తూ. ఏ డబ్బాలో రంగో అడగాలని కూడా తోచనంత బాగుంది.

ప్రారంభానికి ముందురోజు పొద్దున్నే హాలు తలుపు తీస్తే, బండ్లు కదులుతున్నాయి.

దగ్గరికి పోయి చూశాను. నల్ల చీమలు. ఆ అమ్మాయి గీత ఎక్కడ వంగితే అక్కడ వంగి, చక్రం దగ్గర గుండ్రంగా తిరిగి, మళ్లీ దారిలో పడి నడుస్తున్నాయి. విసుగు రావాల్సింది పోయి, కుర్చీ లాక్కుని కూర్చుని చూడాలనిపించింది. ఆలోగా పిల్లలు వచ్చారు.

"దేంతోని గీసినవే ఇది?" అన్నాను బోధన్ పిల్లను.

"బెల్లం పాకం మేడం."

"దుకాణంల రంగులే దొరకలేదా?"

"దొరికినయ్. కని గీ రంగు దొరకలే. మా బాపు వండిన బెల్లం. తినే బెల్లం బట్టకు పూస్తవా అని మస్తు తిట్టిండు. రేపు వస్తా, నా బెల్లం ఏం చేసినవో సూస్తా అన్నడు."

అప్పుడే వచ్చిన ప్రిన్సిపాల్ గారు బట్టను చూసి రెండడుగులు వెనక్కి వేశారు. "రేపు పెద్దోళ్లు వస్తున్నరు. ఒక్కరికి చీమ కుట్టిందంటే ఇజ్జత్ పోతది. గా కుట్టు దగ్గర కత్తిరించి, బోధన్ ముక్క తీసెయ్యుండ్రి. మిగిలింది మంచిగనే ఉంది కద."

"కలిసి చేసిందాన్ని కత్తిరిస్తే మిగిలేది సగం బొమ్మ కాదు సార్, దుప్పటి."

"మీతోని మాట్లాడి గెలిచేది లేదు. పొద్దుగూకినంక వస్త. అప్పటికి చీమలన్న పోవాలె, ముక్కన్న పోవాలె."

ఆ అమ్మాయి కుట్టు మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. రేపు వాళ్ల బాపు వచ్చేసరికి గోడ మీద ఆమెది ఏమీ ఉండదు.

"పసుపు సల్లుదాం మేడం" అన్నాడు వేల్పూర్ అబ్బాయి. "మా ఇంట్ల గడపకు గట్లనే పోస్తరు. ఒక్క చీమ రాదు."

"నువ్వు సప్పుడు జెయ్యకురా. నా బండ్లకు కామెర్లు తెప్పిస్తవా?"

నాకు మాత్రం ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలుసుకోవాలనిపించింది. అందరం బారు వెంబడి పడ్డాం. దారి మొదలైంది పసుపు సగం వైపున్న కిటికీ సందులో. అక్కడి నుంచి బెల్లానికి అడ్డదారి పసుపు బట్ట మీదుగానే. కానీ ఒక్క చీమ కూడా దాని మీద కాలు పెట్టలేదు. గోడెక్కి, స్లాబు అంచున అంత దూరమూ నడిచి, అవతలి కొసన బట్ట తగిలించిన మేకు మీదుగా దిగుతున్నాయి. దగ్గరగా చూద్దామని నేను బెంచీ ఎక్కితే, "మేడం, చీర కాళ్లకు తట్టుకుంటది" అని కింది నుంచి అరుపులు.

"సూసిండ్రా, మా పసుపంటే భయం" అన్నాడు వేల్పూర్ అబ్బాయి.

"భయం కాదు, రుచి లేదు" అంది బోధన్ పిల్ల.

బెంచీ మీదే నాకు తట్టింది. తప్పు బెల్లానిది కాదు, గోడది. మన ఇళ్లలో బెల్లం డబ్బాను గోడకు ఆనించి పెట్టం, నీళ్లు పోసిన పళ్లెంలో పెడతాం. బట్టను గోడ మీంచి తీసి హాలు నడిమధ్య నిలబెడితే? బెంచీలకు వెదురు బొంగులు కట్టి వాటి మీద ఆరేసి, బెంచీ కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే? ఇప్పటికే ఎక్కిన చీమల సంగతి ఎండ చూసుకుంటుంది. చీమలు పట్టిన చక్కెరను చాటలో పోసి ఎండకు పెట్టని ఇల్లు ఈ జిల్లాలో ఉందా?

బట్టను డాబా మీదికి మోసుకుపోయి, బోధన్ కొస పైకి, పసుపు కొస కిందికి వచ్చేట్టు పిట్టగోడ మీంచి వేలాడదీశాం. మధ్యాహ్నం నీళ్ల ట్యాంకు నీడలో టిఫిన్లు తింటూ, నడుమ నిలబెడితే బొమ్మకు ముందేది, వెనకేది అని కొట్లాడుకున్నాం. చూసి వస్తానని లేచి వెళ్లిన బోధన్ అమ్మాయి కేక పెట్టింది.

చీమలు లేవు. కానీ ఎండకు పాకం కరిగింది. బండ్ల దారి చారలు చారలుగా జారి, కుట్టు దాటి, పసుపు బట్టలోకి దిగింది. బెల్లం వండేటప్పుడు వేసిన సున్నానికి పసుపు ఎర్రబడి, అక్కడ ఆ రంగు వాడిన మందారంలా తేలింది.

"నా పసుపు ఖరాబ్ చేసినవ్" అన్నాడు వేల్పూర్ అబ్బాయి. కాసేపు చూసి, "కని మంచిగుంది" అన్నాడు.

"చక్రాలు సాగిపోయినయ్" అంది ఆ అమ్మాయి. మళ్లీ గీస్తావా అని అడిగాను. చాలాసేపు చూసింది. "వద్దు మేడం. నేను గీస్తే గిట్ల రాదు."

పొద్దుగూకాక ప్రిన్సిపాల్ గారు ఆఫీసు కత్తెరతో సహా వచ్చారు. బట్ట చుట్టూ తిరిగి చీమల కోసం వెతికారు. దొరకలేదు. క్యాంటీన్ గిన్నెల్లో నిలబడ్డ బెంచీ కాళ్లను చూసి, "గీ నీళ్లెందుకు?" అన్నారు.

"మీ ఇంట్ల బెల్లం డబ్బా ఎట్ల పెడ్తరు సార్?"

"నాకేం ఎరుక? మా ఇంట్లామెకు ఎరుక."

"ఇంటికి పోయి ఆమెను అడుగుండ్రి."

ఆ అమ్మాయి ముందుకు వచ్చి పసుపులోకి జారిన చారను చూపించింది. "ఇప్పుడు ఎక్కడ కత్తిరిస్తరు సార్?" ఆయన వేలితో కుట్టు వెంబడి కిందిదాకా వెతికి, కత్తెర జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

మర్నాడు పెద్దవాళ్లు వచ్చి, నీళ్ల గిన్నెల అంతరార్థం గురించి ఏవేవో మాట్లాడి వెళ్లారు. నేను ఒక్క ముక్క కూడా దిద్దలేదు; పొద్దుటి నుంచీ వచ్చినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ అప్పటికే గొంతు పోయింది. సాయంత్రం బోధన్ బస్సు దిగి వాళ్ల బాపు వచ్చాడు. భుజం మీద తువ్వాల సర్దుకుంటూ బట్టకు అటూ ఇటూ తిరిగాడు. వంగి, పసుపులోకి జారిన చార మీద వేలు రాసి, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాడు.

"బాపూ! అందరు సూస్తున్నరే!"

"సూడనీ బిడ్డా. మన బెల్లమేనా, కాదా? నాకు తెల్వద్దా?"