ఓడకూ గోడకూ మధ్య నీళ్లు

ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎవరైనా ఓడ ప్రయాణం పెట్టుకుంటే వాళ్లను నా దగ్గరికి పంపుతారు. "ఆయప్పను అడుగు, ఓడెక్కొచ్చినాడు" అంటారు. నేను ఓడలో ఉన్నది ఒక మధ్యాహ్నం మాత్రమే. అది రేవు వదలకముందే దిగేశాను. ఆ సంగతి చెప్పినా వచ్చినవాళ్లు లేచిపోరు. మా వీధుల్లో ఆ మాత్రం ఎక్కినవాడు కూడా ఇంకొకడు లేడు.

నా పని రాయి లెక్క. శిల్పుల దగ్గర దిమ్మె కొలిచి, అది ఎంత బరువుంటుందో, చెక్కాక ఎంత మిగులుతుందో, ఏ బండి మోయగలదో చెబుతాను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న దిమ్మె డెబ్బై అయిదు కిలోలకు తగ్గదు. బడిలో ఎవరూ నేర్పలేదు, తూకం వేయించి వేయించి పట్టుకున్నాను. మా అక్క భర్త విగ్రహాలు చెక్కేవాడు. ఉలితోనే పని జరిగిన రోజుల్లో రాతిపొడి కాళ్ల మీద రాలేది. కోత మిషన్లు వచ్చాక అది పొగలాగా ముఖానికే లేచింది. బావ మూతికి తువ్వాలు చుట్టుకుని అలాగే పనిచేశాడు. పక్కవాళ్లూ అంతే. నంద్యాల డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి ఊపిరితిత్తుల్లో గట్టిపడిన చోట్లు వేలితో చూపించాడు. తగ్గేది కాదన్నాడు. నన్ను బయటికి పిలిచి, "ఆయనకు ఏమైనా కోరికలుంటే ఆలస్యం చేయకండి" అన్నాడు.

బావకున్న కోరిక ఒకటే, సముద్రం చూడడం. "నేను చెక్కిన సాములు సముద్రం గట్టున గుళ్లల్లో కూసోనుండారు. నేను మాత్రం కుందూ ఏటి నీళ్లు తప్ప సూడలే" అనేవాడు. కానీ ఇసకలో నాలుగడుగులు నడిచే ఊపిరి ఆయనకు లేదు. ఓడ ఆలోచన అక్కది. ఓడలో అయితే కుర్చీలో కూర్చోబెడితే చాలు, సముద్రమే ఎదురుగా ఉంటుంది కదా అంది.

నంద్యాలలో ఒక రిటైరైన టీచరమ్మ, ఆమె భర్త రెండుసార్లు అలాంటి ఓడల్లో తిరిగొచ్చారు. టీచరమ్మ తల్లి సమాధికి రాతి సిలువ చెక్కింది బావే. ఆ పరిచయంతో ముగ్గురం వాళ్లింటికి వెళ్లాం.

"గది ఓడ నడిమధ్యలో తీసుకోండప్పా, కింది అంతస్తులో. కొసకు పోతే ఊయల మాదిరి ఊపుతాది" అని మొదలుపెట్టింది టీచరమ్మ.

"ఈమె మొదటిసారి కొసన గది తీసుకోని, పోయినకాడ్నుంచి వాంతులే. అందుకే అంత గట్టిగా చెప్తాంది" అన్నాడు ఆమె భర్త.

"నువ్వేం తక్కువా? తిండి ఊరికే పెడ్తాండారని ప్లేటులో గుట్ట పోసుకుంటివి. రెండోరోజు మంచం దిగితివా?"

అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో ఆ పూట చెప్పిన మాటలన్నీ నాకు గుర్తే. గది లిఫ్టుకు దగ్గరగా ఉండాలి, కానీ ఆనుకుని ఉండకూడదు, చప్పుడు. కిటికీ ఉన్న గది అడగాలి, లేనిది చవకే గానీ లోపల పగలో రాత్రో తెలియదు. దారిలో ఏ ఊళ్లోనైనా దిగితే ఓడ గడియారం ప్రకారం తిరిగి రావాలి, మన కోసం ఆగదు. అల్లం ముక్క జేబులో ఉండాలి.

"ఇంకోటి" అంటూ టీచరమ్మ బావ వైపు తిరిగింది. "పెద్ద పెట్టెలు గేటు కాడ్నే తీస్కుంటారు. అవి గదికి వచ్చేసరికి చీకటి పడొచ్చు. నీ మందులు చేతిసంచిలోనే ఉండాల. ఏందీ? చేతిసంచిలోనే."

"బళ్లో చెప్పినట్ల రెండుసార్లు చెప్తాండావే తల్లీ."

"రెండుసార్లు చెప్పినా ఎక్కని పిల్లోళ్లను శానామందిని సూసినా."

"నేనూ అట్లాటోన్నే అనుకో" అన్నాడు బావ. నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా అక్క ఆయన వీపు రాసింది.

చేతిసంచి నేనే సర్దాను. బావ జేబులో నోట్లో కొట్టుకునే పఫ్ ఎప్పుడూ ఉండేది గానీ, ఆయాసం ముదిరితే దానికి లొంగేది కాదు. అప్పుడు ఆవిరి పట్టే మిషన్ కావాలి. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దాన్నీ, దానికి తగిలించే మాస్కునూ, అందులో పోసే మందునూ సంచి అడుగున పెట్టి, పైన తువ్వాలు పరిచాను.

బావ వాళ్ల ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. విగ్రహానికి చిట్టచివర కళ్లు తెరిచే ఉలిని పరాయి చేతికి ఇవ్వరు. యజమాని ఎక్కడ పడుకుంటే అది అక్కడే ఉండాలి. వాళ్ల నాయన చేతి నుంచి బావకు వచ్చిన ఉలి అది, ఎర్రగుడ్డలో చుట్టి ఉండేది. బావ దాన్ని వెంట తెస్తాడని నేను అనుకోలేదు. మిషన్లతో చెక్కడం మొదలై ఇన్నేళ్లయింది, ఆయన పనే మానేసి ఏడాది దాటింది. కారులో చెన్నై దాకా ఆ ఉలి ఆయన నడుముకే ఉందని అక్కకు తెలుసు, నాకు తెలియదు.

రేవు దగ్గర కారు దిగాం. చక్రాల కుర్చీ కోసం అడగడానికి నేను లోపలికి వెళ్లాను. అప్పటికే కూలీలు పెద్ద పెట్టెలకు చీటీలు కట్టి బండిలో వేస్తున్నారు. నడుముకు ఏదున్నా తీసి సంచిలో పెట్టమని అక్కడి మనిషి బావకు చెప్పాడట. సంచి తెరిస్తే మిషన్, దాని మాస్కు కనిపించాయి. మాస్కు మూతికి తగిలేది, ఎంగిలిది. ఎంగిలి వస్తువు పక్కన ఆ ఉలిని పెట్టకూడదు. బావ మిషన్, మందు తీసి పెద్ద పెట్టెలో పెట్టి, తువ్వాలు మాత్రమే మిగిలిన సంచిలో ఎర్రగుడ్డ పెట్టుకున్నాడు. ఇది తర్వాత అక్క చెప్పింది. "ఉలి సంగతిలో నేనెప్పుడూ నోరు ఎత్తలేదురా" అంది.

నేను కుర్చీ తెచ్చి బావను లోపలికి తీసుకుపోయాను. సంచి స్కానింగు మిషన్లోంచి బయటికి రాగానే ఆపేశారు. ఒకతను గుడ్డ విప్పి ఉలిని చేతిలోకి తీసుకున్నాడు. మొన మీద వేలు పెట్టి చూశాడు. వచ్చీరాని తెలుగులో, ఇది లోపలికి కుదరదు, దిగేటప్పుడు ఇస్తాం అన్నాడు.

"ముట్టుకోవద్దప్పా. కింద పెట్టు. ముందు కింద పెట్టు" అన్నాడు బావ. కుర్చీలోంచి లేవబోయాడు.

"కత్తి లెక్క ఇది" అన్నాడతను, మర్యాదగానే.

"కత్తి అంటాడేంది వీడు! బామ్మర్దీ, చెప్పు వానికి."

అది విగ్రహాల కళ్లు తెరిచే ఉలి అని నేను చెప్పాను. అతను ఉలిని ప్లాస్టిక్ కవరులో వేసి, నంబరు చీటీ నా చేతికిచ్చాడు. ఆ చీటీ చూస్తూ నేను సంచి తేలికగా ఉందన్న సంగతి గమనించలేదు. రాయి బరువు చూపుతో చెప్పేవాడిని.

ఓడ ఎక్కే వంతెన మీద కుర్చీ కాసేపు ఆగింది. బావ పక్కకు వంగి కిందికి చూశాడు. ఓడకూ రేవు గోడకూ మధ్య సన్నటి నల్లటి నీళ్లు. నూనె తేలుతోంది. రెండు సీసాలు, ఒక చెప్పు తేలుతున్నాయి.

"ఇదేనా?" అన్నాడు.

"ఇది కాదు బావా. ఓడ బయల్దేరినాక, అవతలి పక్క."

"మన కుందూనే నయం."

గదికి చేరేసరికి ఆయన ఛాతీలో ఈల మొదలైంది. పఫ్ కొట్టుకున్నాడు, మళ్లీ కొట్టుకున్నాడు. నేను చేతిసంచిలో చెయ్యి పెడితే తువ్వాలు తప్ప ఏమీ తగల్లేదు. అక్క గోడకు ఆనుకుని, "పెద్ద పెట్టెలో" అని మాత్రం అంది. నడవాలోకి పరుగెత్తాను. అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరినీ అడిగాను. పెట్టెలు ఇంకా కింద గుట్టగా ఉన్నాయనీ, వరసలో వస్తాయనీ చెప్పారు. నేను ఉత్తచేతులతో తిరిగొచ్చేసరికి బావ పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. అక్క అరుపులు విని ఎవరో ఓడ డాక్టరుకు కబురు చేశారు.

కిటికీ లేని గదిలో పడుకోబెట్టి డాక్టరు ఆక్సిజన్ పెట్టాడు, ఆవిరి పట్టాడు. చాలాసేపటికి బావ కళ్లు తెరిచాడు. డాక్టరు చెడ్డవాడు కాదు. నడిసముద్రంలో మళ్లీ ఇలా వస్తే నా దగ్గర ఇంతకు మించి ఏమీ లేదు, ఓడ కదలకముందే ఆసుపత్రికి తీసుకుపోండి అన్నాడు. బావ మాస్కు పక్కకు లాగి, "ఒక్క పొద్దు ఉండనీ సారూ" అన్నాడు. అది తప్ప ఇంకేమీ అడగలేదు. డాక్టరు మాస్కును మళ్లీ సరిచేశాడు.

దింపేటప్పుడు మా పెట్టె వెతికి ఇచ్చారు. ఉలి ఉన్న గది తాళం ఎవరి దగ్గరుందో తేలలేదు. ఓడ తిరిగొచ్చినప్పుడు తీసుకోమన్నారు. అంబులెన్సు గేటు దాటుతుండగా వెనక ఓడ కూత వినిపించింది.

ఓడ తిరిగొచ్చేనాటికి బావ చెన్నై ఆసుపత్రిలోనే ఉన్నాడు. చీటీ చూపించి ఉలి తెచ్చి ఆయన గుండెల మీద పెట్టాను. ఆయన కవరు విప్పలేదు. తలగడకు ఆనుకుని దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇదన్నా పోయొచ్చింది" అన్నాడు.

ఆళ్లగడ్డకు తెచ్చిన కొన్ని వారాలకే పోయాడు. ఉలి అక్క దగ్గరే ఉంది, ఆ కవరులోనే. దాన్ని అడిగే అర్హత ఉన్న బావ దాయాదులు మా వీధిలో ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వాళ్లకూ దగ్గు మొదలైంది.

మొన్న బండిఆత్మకూరు ఊరి నుంచి ఒక రైతు వచ్చాడు, గుండె జబ్బున్న తల్లిని ఓడ ఎక్కించాలట. గది నడుమ తీసుకోమన్నాను, కిటికీ ఉన్నది తీసుకోమన్నాను. మందులు చేతిసంచిలో పెట్టమన్నాను. పెట్టాక గేటు దగ్గర మళ్లీ ఒకసారి సంచి తెరిచి చూడమన్నాను. "అమ్మ వాటి పక్కన ఏం పెట్టకూడదంటుందో ముందే అడుగు. దేవుడి పటమో, విభూతో, ఏదో ఒకటి ఉంటాది. దానికి వేరే సంచి కుట్టించు" అన్నాను.

అతను తలూపి, లేవబోతూ ఆగాడు.

"సముద్రం నడుమ ఎట్లుంటాదన్నా?"

"నాకు తెల్దప్పా. మేం సూసింది ఓడకూ గోడకూ నడుమ నీళ్లు" అన్నాను.