కదిలితే గోల్ పోతుంది

శేషగిరి గారిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కారు లేన్ మారేటప్పుడు సిగ్నల్ ఇస్తారు, ఎవరింటికి వెళ్ళినా తిన్న ప్లేటు తానే కడుగుతారు, ఆఫీసులో టెస్టింగ్ లీడ్ అయి కూడా మా ప్రోగ్రామర్లతో నవ్వుతూ మాట్లాడతారు. ఉన్నదల్లా ఒక్క నమ్మకం. జర్మనీలో ఒక కుర్రాడు బంతిని గోల్‌లోకి కొట్టాలంటే, ఇక్కడ టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో, మా అపార్ట్‌మెంట్ల రెండో అంతస్తులో మేమందరం ఎవరి చోట్లో వాళ్ళం కదలకుండా కూర్చోవాలి.

ఈ జబ్బు మన ఇళ్ళకి కొత్తేమీ కాదు. క్రికెట్‌లో మనవాడు సెంచరీకి దగ్గర పడితే ఇంట్లో ఎవరినీ లేవనివ్వం. తణుకులో శేషగిరి గారి అక్క తలంటుకుని తడి జుట్టుతో గుమ్మంలోకి వచ్చేసరికి ఫోర్ పడిందట. ఆట ముగిసేదాకా ఆవిడని గుమ్మం దాటనివ్వలేదట. మనవాళ్ళకి గెలుపు, ఆవిడకి జలుబు. అందరూ అమెరికాకి ఆవకాయ తెచ్చుకుంటే ఈయన ఆ నమ్మకాన్ని తెచ్చుకున్నారు. తెచ్చుకున్నవారు క్రికెట్‌కే వాడుకోవచ్చు కదా, ఫుట్‌బాల్‌కి తగిలించారు.

ఆ కుర్రాడి పేరు రామిరో ఒల్మెదో. దేశం పరాగ్వే. పంతొమ్మిదేళ్ళవాడు. జర్మనీలో ఒక చిన్న ఊరి జట్టు వాడిని ఒక్క సీజన్‌కి అరువు తెచ్చుకుంది. నచ్చితే కొనుక్కుంటారు, నచ్చకపోతే వచ్చిన దారినే పంపేస్తారు. మొదటి ఆటలోనే గోల్‌కీపర్ బోర్లా పడి ఉండగా, ఎదురుగా గోల్ ఖాళీగా నోరు తెరుచుకుని ఉండగా, వాడు బంతిని ఆకాశంలోకి కొట్టాడు. స్టేడియం అంతా నవ్వింది. శేషగిరి గారు మాత్రం లుంగీ ఎగ్గట్టి లేచి, "వీడు మనవాడు" అని ప్రకటించారు.

"పరాగ్వే ఎక్కడుందో తెలుసా మీకు?" అన్నాను.

"తెలీదు. వాడికి ఇర్వింగ్ ఎక్కడుందో తెలుసా? సరికి సరి."

అది 2008. బ్యాంకులు పేకమేడల్లా కూలుతున్న రోజులు. మా కాంప్లెక్స్‌లో ఫణికుమార్ అని కరీంనగర్ కుర్రాడు ఉండేవాడు. అతని ప్రాజెక్ట్ ఒక శుక్రవారం సాయంత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. కన్సల్టెన్సీ వాళ్ళు ఇంకోటి దొరికేదాకా బెంచ్ మీద కూర్చోమన్నారు. బెంచ్ మీద జీతం ఉండదు. వేసవి లోపల ప్రాజెక్ట్ దొరక్కపోతే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తామని కూడా చెప్పారు. ఫణికి అభిమానం ఎక్కువ. ఎవరు భోజనానికి పిలిచినా ఒకటే పాట, "ఇప్పుడే తిన్న వదినా, కడుపు నిండ ఉంది." ఇండియన్ స్టోర్‌లో అతని బుట్ట చూసినవాళ్ళకి తెలుసు, అందులో నూడుల్స్ ప్యాకెట్లు తప్ప ఇంకేమీ ఉండేవి కావు.

అక్టోబర్‌లో ఒక శనివారం శేషగిరి గారు మమ్మల్ని పదకొండింటికి టిఫిన్‌కి పిలిచారు. నన్నూ, మా ఆవిడ త్రివేణినీ, ఇండియా నుంచి వచ్చి ఉన్న మా నాన్నగారు విశ్వనాథం గారినీ. ఫణిని మాత్రం పిలవలేదు. టీవీ వైరు ఊడింది, వచ్చి చూడమని పట్టుకొచ్చారు. వైరు ఊడలేదు. వచ్చినవాడిని శేషగిరి గారి భార్య ఉమామహేశ్వరి గారు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, వద్దంటున్నా వినకుండా ఉప్మా పెసరట్టు ముందు పెట్టేశారు.

"మోహన్, సోఫాలో కాదు, నువ్విటు రా. ఫణికి ఎదురుగా కూర్చో," అన్నారు శేషగిరి గారు.

"అక్కడైతే టీవీ సరిగ్గా కనిపించదండీ."

"నువ్వు చూసి ఉద్ధరించేదేముంది, కూర్చో."

తరవాత మా నాన్నగారి చేతిలో రిమోట్ పెట్టి, "బాబాయి గారూ, నేను దగ్గినప్పుడు ఈ బటన్ నొక్కండి. సౌండ్ పెరుగుతుంది," అన్నారు. ఫణి మొహమాటంగా ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. శేషగిరి గారు దగ్గారు. నాన్నగారు నొక్కారు. రామిరో పరుగెత్తాడు, ఇద్దరిని తప్పించుకున్నాడు, ఎడం కాలితో ఒక్క తాపు తన్నాడు. గోల్!

"ఎవ్వరూ కదలొద్దు!" అని శేషగిరి గారు పెట్టిన కేక కింది అంతస్తుకి కూడా వినిపించి ఉంటుంది. "అందరూ ఎక్కడున్నారో బాగా గుర్తుపెట్టుకోండి. ఇక ప్రతి శనివారం ఇవే స్థానాలు. ఫణీ, నువ్వు తింటూ ఉండాలి. నమలడం ఆపావో, వాడి కాలు ఆగిపోతుంది."

"ఏందన్నా ఇది? నేను పెసరట్టు తింటే ఆడు గోల్ కొడతడా?"

"కళ్ళారా చూశావుగా!"

అలా మా శనివారాలు ఆయన చేతిలోకి వెళ్ళిపోయాయి. ఆట మా లెక్కలో ఉదయం ఎనిమిదిన్నరకి మొదలయ్యేది. వారమంతా పనిచేసి శనివారం పొద్దెక్కేదాకా పడుకునే హక్కు ప్రతి సాఫ్ట్‌వేర్ వాడికీ ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ హక్కుని పరాగ్వే కుర్రాడి కోసం ధారపోయాను. నేను దుప్పటి ముసుగేసుకుని పడుకుంటే శేషగిరి గారు తలుపు కొట్టి, "అక్కడ పిల్లాడు షూ కట్టుకుంటున్నాడు, ఇక్కడ నువ్వు ముసుగు తన్నావా?" అని నిలదీసేవారు.

నవంబర్‌లో ఫణి ఒక శనివారం ఎగ్గొట్టాడు. తలనొప్పి అన్నాడు. ఆ రోజే రామిరో పెనాల్టీ మిస్సయ్యాడు. ఆట అవగానే శేషగిరి గారు సరాసరి ఫణి అపార్ట్‌మెంట్‌కి వెళ్ళారు, వెనకాల నేనూ.

"చేసిందంతా చేసి హాయిగా పడుకున్నావా? నీ మూలంగా వాడు ఆ పచ్చికలో కూలబడి ఏడుస్తున్నాడు. వాళ్ళమ్మ చూసి ఉంటే ఏమైపోతుంది?"

"అన్నా, నాకు నిజంగనే తలకాయ నొస్తుండె."

"తలనొప్పికీ పెసరట్టుకీ ఏం సంబంధం? తినేది నోటితో కదా!"

ఫణి తల పట్టుకుని నవ్వాడు. ప్రాజెక్ట్ పోయాక అతను నవ్వగా చూడటం నాకదే మొదలు. మళ్ళీ ఎప్పుడూ ఎగ్గొట్టలేదు.

ఇంకో వారం అతను పొరపాటున నాలుగు అట్లు తిన్నాడు, రామిరో రెండు గోల్స్ కొట్టాడు. ఇంకేం, గోల్‌కి రెండేసి పెసరట్లని రేటు ఖాయమైపోయింది. తరవాత్తరవాత శనివారాలు చాల్లేదు. బుధవారం ఏదో కప్పు మ్యాచ్ ఉందని క్యారేజీ పట్టుకెళ్ళి ఫణి ఇంట్లో పెట్టి వచ్చేవారు. సోమవారం ఇంకేదో కప్పు. డిసెంబర్ చివర్లో చలికి జర్మనీలో ఆటలే ఆపేస్తారు. అప్పుడు కూడా క్యారేజీ ఆగలేదు. అడిగితే, "ప్రాక్టీస్ చేస్తున్నాడయ్యా, ప్రాక్టీస్‌లో మాత్రం గోల్ పడొద్దా?" అన్నారు.

మా నాన్నగారి సంగతి ఇంకో వింత. వచ్చిన దగ్గరనుంచీ ఆయనది ఒకటే గొడవ, "కారు లేందే కాలు కదపలేని ఊరు, నాతో ఎవరికీ పనిలేదు, టికెట్ ముందుకి జరిపించు." రిమోట్ చేతికొచ్చాక ఆ మాటే మానేశారు. శనివారం తెల్లవారకముందే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, శేషగిరి గారు వచ్చి తీసుకెళ్ళేదాకా కిటికీ దగ్గర నిలబడేవారు. తిరుగు ప్రయాణం దగ్గర పడుతుంటే, "సీజన్ మధ్యలో రిమోట్ వదిలేసి ఎలా వెళ్తానురా? బాధ్యత ఉండొద్దూ?" అని గడువు పొడిగించుకున్నారు.

నా స్థానం అన్నిటికంటే అన్యాయం. టీవీ కనిపించదు. ఎదురుగా ఫణి మొహం. వారం వారం ఆ మొహమే చూస్తూ ఎంతసేపని కూర్చుంటాం? మాటలు కలిశాయి. ఏం పని చేశావు, ఎక్కడ చేశావు అని అడుగుతూ పోయాను. మా ఆఫీసులో పాత డేటా కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని ఒకటి నెలల తరబడి నానుతోంది. ఒక శనివారం ఆ గోడు వెళ్ళబోసుకుంటుంటే ఫణి చట్నీలో అట్టు ముంచుతూ, "అది ఒక్కపారి మార్చొద్దన్నా. ముక్కలు ముక్కలు జెయ్యాలె. మా పాత ప్రాజెక్ట్‌ల ఇదే చేసినం," అని మొత్తం విడమరిచి చెప్పాడు. నేను ఆకలి మర్చిపోయాను.

కానీ ఆఫీసులో కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేసి ఉన్నారు. మార్చి నెలంతా మా మేనేజర్ చుట్టూ తిరిగాను. ఈలోపు జర్మనీలో కొత్త కోచ్ వచ్చి రామిరోని కూడా బెంచ్ మీద కూర్చోబెట్టాడు. టీవీలో వాడు దుప్పటి కప్పుకుని కూర్చోవడం చూసి, ఫణి ప్లేటు పక్కకి జరిపాడు.

"ఇద్దరి కథా ఒక్కటే అన్నా. ఆడినీ వాపస్ పంపిస్తరు, నన్నూ పంపిస్తరు."

శేషగిరి గారు ఆ ప్లేటు మళ్ళీ అతని ముందుకి జరిపి, "పంపేదాకా తిను," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం టీవీ వైపు తిప్పేసుకున్నారు.

ఏప్రిల్ చివర్లో మా మేనేజర్ మెత్తబడ్డాడు. ఫణికి ఇంటర్వ్యూ అయింది, ఉద్యోగం వచ్చింది, వీసా నిలబడింది. తీరా చూస్తే అతని మొదటి పెద్ద పని, ఆ డేటా మార్పిడి, మే నెలలో ఒక శనివారం ఉదయం పడింది. అదే రోజు రామిరో సీజన్‌లో ఆఖరి ఆట. వాడిని కొనుక్కోవాలో పంపెయ్యాలో ఆ ఆటతో తేలుతుంది. నేనూ ఫణీ ఆఫీసులో ఉండి తీరాలి. అంటే డైనింగ్ టేబుల్ దగ్గర రెండు కుర్చీలూ ఖాళీ.

ఈ మాట శేషగిరి గారితో ఎవరు చెప్పాలన్నదాని మీద మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. చివరికి నేనే ఫోన్ చేశాను.

"ఓ, అలాగా? పని ముఖ్యం కదా, వెళ్ళండి," అన్నారాయన. అంతే. ఒక్క మాట తిట్టలేదు. ఒంట్లో బాగాలేదేమోనని నాకు భయం వేసింది.

శనివారం మధ్యాహ్నానికి పని నెగ్గించుకుని ఇద్దరం పరుగు పరుగున వాళ్ళింటికి వెళ్ళాం. తలుపు తీస్తూనే మా నాన్నగారు, "కొట్టాడురా! ఆఖర్లో దింపారు, దిగీ దిగ్గానే తలతో కొట్టాడు! వాణ్ణి ఉంచేసుకుంటారట!" అన్నారు.

ఫణి గాల్లోకి ఎగిరాడు. నేను మాత్రం లాజిక్ దగ్గర ఆగిపోయాను. "మేమిద్దరం లేం. అట్టు తిన్నవాడు లేడు. మరి గోల్ ఎలా పడింది?"

శేషగిరి గారు ఉన్నట్టుండి ఫ్యాన్ వైపు చూడటం మొదలుపెట్టారు. ఉమామహేశ్వరి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు.

"ఇంకా దాచడమెందుకండీ? మోహన్ గారూ, ఆ మొదటి గోల్ మీరొచ్చాక పడింది కాదు. అది రికార్డింగ్. ఈయన పొద్దున్నే చూసేశారు. సరిగ్గా గోల్ ముందు ఆపి, ఫణి నోట్లో ముక్క పెట్టేదాకా ఆగి, అప్పుడు దగ్గారు. బాబాయి గారు నొక్కింది సౌండ్ కాదు, ప్లే బటన్."

నేను కంప్యూటర్లతో బతికేవాణ్ణి. ఆటలన్నీ ఎనిమిదిన్నరకి మొదలైతే ఆ ఒక్కటీ పదకొండింటికి ఎలా వచ్చిందని ఏడు నెలల్లో ఒక్కసారైనా అనుకోలేదు.

"నాకప్పుడే తెలుసు," అన్నారు నాన్నగారు తాపీగా. "ఆ బటన్ మీద త్రికోణం బొమ్మ ఉంది. సౌండ్ బటన్‌కి త్రికోణం ఎందుకుంటుంది?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే రిమోట్ తీసేసుకుంటారుగా!"

ఫణి డైనింగ్ టేబుల్ దగ్గరికి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుని, "వదినా, ఆకలైతుంది, రెండు అట్లు వెయ్యరాదు," అన్నాడు. నోరు తెరిచి అతను అడగడం అదే మొదటిసారి. శేషగిరి గారు ఇంకా ఫ్యాన్‌నే చూస్తూ, "నేనేదో ఆట కోసం చేశాను, మీరు లేనిపోని అర్థాలు తియ్యకండి," అని గొణిగారు.

నాన్నగారు ఇండియా వెళ్ళిపోయారు. సెప్టెంబర్‌లో శేషగిరి గారు ఫోన్ చేశారు. "మోహన్, పాత స్థానాల్లో పవర్ అయిపోయింది. కొత్తవి వెయ్యాలి. శనివారం పదకొండింటికి రండి."

పదకొండింటికి! నాకు విషయం అర్థమైపోయింది. మా కింద పోర్షన్‌లోకి రజిని అని కొత్తగా పెళ్ళయిన అమ్మాయి వచ్చింది. భర్తకి వేరే రాష్ట్రంలో ప్రాజెక్ట్. ఈ అమ్మాయి వీసాకి ఉద్యోగం చెయ్యడానికి లేదు, కారు రాదు, రోజంతా నాలుగు గోడలతో మాట్లాడుకుంటుంది. మేం వెళ్ళేసరికి ఉమామహేశ్వరి గారు ఆ అమ్మాయిని త్రివేణి పక్కన కూర్చోబెట్టి, ముందు ఉల్లిపాయలు పోసి, చేతికి చాకు ఇస్తున్నారు. ఫణి వంటింట్లో అట్లకాడ పట్టుకుని పెనం ముందు నిలబడ్డాడు. శేషగిరి గారు నా చేతిలో రిమోట్ పెట్టారు.

"సౌండ్ బటన్ ఏదో తెలుసుగా?"

"త్రికోణం ఉన్నదే కదండీ."

రజిని మొదటి ఉల్లిపాయ కోసి, త్రివేణి అన్న ఏదో మాటకి నవ్వింది. శేషగిరి గారు దగ్గారు. నేను నొక్కాను. రామిరో పరుగెత్తాడు, ఎడం కాలితో తన్నాడు, గోల్!

"ఎవ్వరూ కదలొద్దు!" అని కేక వినిపించింది. ఈసారి ఆ కేక వంటింట్లోంచి ఫణిది.

రజిని చాకు గాల్లోనే ఆపి, బిత్తరపోయి చూసింది. "నేను కూడానా అండీ?"

"నువ్వే ముఖ్యమమ్మా! వచ్చే శనివారం ఇక్కడే, ఇలాగే, ఇవే ఉల్లిపాయలు," అన్నారు శేషగిరి గారు. నేను ఆశ్చర్యపోయినట్టు నోరు తెరిచి, రిమోట్‌ని మెల్లిగా దిండు కింద దాచేశాను.