పెద్ద రాయి లెక్క

ఒక టీచర్ సరిగ్గా చూసినదాన్ని తప్పని చెరిపేశాను. ఏళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. నా పేరు అడగకండి. మీతో అయితే చెప్పుకోగలను అనిపించింది, అంతే.

నేను సైన్సు టీచర్లకు శిక్షణ ఇస్తాను. బాగా ఇస్తాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పిల్లలకు జవాబు చెప్పెయ్యకుండా, వాళ్లే చేసి చూసి తెలుసుకునేలా నేర్పడం నా దగ్గర నేర్చుకున్నవాళ్లు నానక్‌రామ్‌గూడ నుంచి బాచుపల్లి దాకా ఉన్నారు. చూసినదాన్ని చెరపకూడదన్నది నా వర్క్‌షాపులో మొదటి నియమం. అదెలా పుట్టిందో మాత్రం ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను.

నా మొదటి వర్క్‌షాపుకు హైటెక్ సిటీలో ఒక కంపెనీ తన హాలు ఇచ్చింది. దారానికి రాయి కట్టి ఊపడం, ఊపులు లెక్కపెట్టడం. రాయి బరువు మారినా ఊగే వేగం మారదని అందరూ తేల్చాలి. తేల్చారు, బాచుపల్లి రజిత మేడమ్ బృందం తప్ప. సరిగ్గా అప్పుడే కంపెనీ పెద్దలు చూడ్డానికి లోపలికొచ్చారు.

“సార్, మా పెద్ద రాయి లేటుగ ఊగుతున్నది.”

“లెక్క తప్పి ఉంటుంది మేడమ్.”

“మళ్ల మళ్ల లెక్కపెట్టినం సార్. జర మీరొచ్చి చూడుండ్రి.”

వెళ్లలేదు. పెద్దల ముందు నా వర్క్‌షాపు తేలిపోకూడదు. నవ్వుతూ, బోర్డు మీద ఆమె రాసిన అంకెను అరచేత్తో తుడిచి, మిగతావాళ్ల అంకెనే వేశాను. పెద్దలు చప్పట్లు కొట్టారు.

“అయితే మాదే తప్పుంటది,” అని ఆమె కూర్చుంది.

ఇంటికెళ్లి నేనే కట్టి చూశాను. రాయి పెద్దదైతే దాని నడిమి భాగం కిందికి దిగుతుంది. దారం అంతే ఉన్నా లోలకం పొడవు పెరిగినట్టే. మరి ఆలస్యం కాదూ! సిగ్గుపడ్డానా? పడ్డాను, కానీ ముందు కారణం దొరికిందన్న సంతోషమే వచ్చింది. ఆమెకు ఫోన్ చేయొచ్చుగా? చేయలేదు. నన్ను గొప్పవాడనుకున్న మనిషి ముందు చిన్నబోవడం ఇష్టంలేక.

ఆ రాళ్లే తర్వాత నా వర్క్‌షాపుకు ప్రాణమయ్యాయి. పెద్ద రాయి ఎందుకు ఆలస్యమవుతుందో తామే కనిపెట్టి టీచర్ల కళ్లు మెరుస్తుంటే నాకిప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది. చివర్లో ఒక కథ చెబుతాను, ఎవరో ట్రైనర్ ఒక టీచర్ లెక్కను తుడిచేశాడట అని. అందరూ వాణ్ని తిట్టుకుంటారు. వాళ్లతోపాటు నేనూ తలూపుతాను.

రజిత మేడమ్ ఇప్పటికీ తన కళ్లదే తప్పనుకుంటూ పాఠం చెబుతోందేమో. ఆమె లెక్క సరైనదే. ఆ ట్రైనర్ నేనే. ఇక్కడ రాసేశాను. చెరపను.