తాగని తాగుడు

దుర్గాశంకర్ బతుకులో ఒక్క చుక్క సారా ముట్టిన మనిషి కాడు. పెళ్ళిళ్ళలో స్నేహితులు బలవంతపెడితే కూల్‌డ్రింకు సీసా పట్టుకుని ఓ మూల కూర్చునే రకం. అలాంటివాణ్ణి పటమటలో వాళ్ళ వీధి వీధంతా తాగుబోతని నమ్మింది. ఆ మాట పుట్టించింది పగవాళ్ళెవరో కాదు, కన్నతల్లి చౌడేశ్వరమ్మ.

అతను ఆటోనగర్‌లో లారీల మీద పేర్లు రాసే పెయింటరు. స్టిక్కర్లు వచ్చి సగం పని ఎత్తుకుపోయినా, కొత్త బాడీ కట్టించిన ఓనరు ముందు అద్దం పైన అమ్మవారి పేరు మాత్రం చేత్తోనే రాయించుకుంటాడు. అదీ ముహూర్తం చూసి, కొబ్బరికాయ కొట్టి. ఆ పేరు రాసే చెయ్యి శుభమైన చెయ్యి అయి ఉండాలని ఓనర్ల పట్టింపు. దుర్గాశంకర్‌ది నేతగాళ్ళ ఇల్లు. చిన్నప్పుడు తండ్రి మగ్గం పక్కన కూర్చుని పోగులు చూస్తూ పెరిగిన కన్ను కాబట్టి, సుద్దదారం కొట్టకుండానే అక్షరాలను ఒక వరసలో నిలబెట్టేవాడు. షెడ్లలో అతనికి ఆ పేరుండేది.

రెండేళ్ళ కిందట ఆ మనిషికి ఏదో అయింది. ఏమైందో చెప్పమంటే చెప్పడానికేమీ లేదు. ఇంట్లో చావు లేదు, గొడవ లేదు. పొద్దున లేచి మంచం మీద కూర్చుంటే చెప్పుల్లో కాళ్ళు పెట్టడానికి కూడా మనసొప్పేది కాదు. అన్నం మట్టి ముద్దలా ఉండేది. తాను రాసిన పేరు తానే చూసుకుని, ఇది ఎవరు రాశారన్నట్టు నిలబడిపోయేవాడు. ఒకరోజు పని మధ్యలో బ్రష్షు వదిలేసి ఇంటికొచ్చి, "నేను లేకపోతే మీరు సుఖంగా ఉంటారు గదా" అన్నాడు భార్యతో.

ఆ భార్య కనకలక్ష్మి. ఆ ఇంట్లో బుర్ర పనిచేస్తున్న మనిషి ఎవరైనా ఉంటే ఆవిడే. ఏడుస్తూ కూర్చోలేదు, దిష్టి తియ్యలేదు. ఆ సాయంత్రమే ఆటో ఎక్కించి గవర్నర్‌పేటలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు విన్నాడు, డిప్రెషన్ అన్నాడు, మాత్ర రాశాడు. "పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. ఒకరికి పడింది ఇంకొకరికి పడకపోవచ్చు, అప్పుడు మార్చి చూద్దాం. ఏ ఇబ్బంది వచ్చినా నాకు చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు" అన్నాడు. అంతవరకు ఎవర్నీ తప్పుపట్టాల్సిన పని లేదు.

మొదటి మాత్ర అతన్ని నిద్రలో ముంచేసింది. మిట్టమధ్యాహ్నం అరుగు మీద నోరు తెరుచుకుని పడుకునేవాడు. లేస్తే మాట ముద్దగా వచ్చేది, నడక తూలేది. ఎదురింటి మణెమ్మ చూసి, "ఏందే చౌడేశ్వరీ, మీ వాడికేమైంది?" అని అడిగింది. చౌడేశ్వరమ్మ ఒక్క క్షణం తడుముకుని, "ఏముందే, తాగుడు మరిగాడు" అనేసింది.

కోడలు నిలదీస్తే ఆవిడ దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. "తాగుతాడంటే నలుగురూ నాలుగు తిట్టి ఊరుకుంటారు. ఆటోనగర్లో తాగని పెయింటర్ ఎవడే? అదే మెంటల్ మాత్రలు మింగుతున్నాడంటే, అమ్మవారి పేరు వాడి చేత ఎవడన్నా రాయించుకుంటాడా? వాడి నోటి దగ్గర కూడు పోదూ? తాగుడైతే బాగుండేదని నేను ఏడుస్తుంటే!"

చూశారా న్యాయం! పెళ్ళాన్ని తన్ని కాలవలో పడి దొర్లేవాడు మనలో మనిషి. జబ్బు చేసి డాక్టరు చెప్పిన మాత్ర వేసుకునేవాడు మాత్రం అశుభం. ఇందులో ఇంకా ఒళ్ళు మండించే సంగతేమిటంటే, చౌడేశ్వరమ్మ లెక్క తప్పు కాదు. వీధి గురించి ఆవిడకి తెలిసినంత ఆ డాక్టరుకి కూడా తెలియదు. ఆ రోజు నుంచి మాత్రల డబ్బా బియ్యం డ్రమ్ము వెనక్కి చేరింది. దుర్గాశంకర్ తలుపు గడియపెట్టుకుని, దొంగసొత్తు మింగుతున్నట్టు మింగేవాడు.

నిద్రమత్తు తగ్గకపోయేసరికి డాక్టరు మాత్ర మార్చాడు. రెండోది వేసుకున్న కొన్ని వారాలకి మనసు మీద బరువు కాస్త దిగింది. చారు వాసన తెలిసింది. ఒకరోజు దువ్వెన అడిగి తల దువ్వుకుంటే కనకలక్ష్మి వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుంది. కానీ చెమటలు, చేతి వణుకు మొదలయ్యాయి. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. బ్రష్షు పడితే 'శ్రీ' మెలిక దగ్గరే గీత పక్కకి పోయేది. మనసు తిరిగొస్తుంటే చెయ్యి పోతోంది. చెయ్యి లేని పెయింటరుకి మనసు తిరిగొచ్చి ఏం చేసుకోవాలి?

ఈసారి డాక్టరు దగ్గరికి కనకలక్ష్మి వెళ్ళలేకపోయింది. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పడుకుంది. చౌడేశ్వరమ్మ కొడుకుని తీసుకెళ్ళింది. డాక్టరు వణికే చేతులు చూసి, "తాగే అలవాటుందా?" అని ముసలామెని అడిగాడు. పక్కన నిలబడ్డ నర్సు వాళ్ళ వీధి పిల్లే. చౌడేశ్వరమ్మ ఆ పిల్ల మొహం వంక చూసింది. తాగుడు మానిపించుకోడానికి కూడా జనం ఆ డాక్టరు దగ్గరికే వస్తారు కాబట్టి ఇంకా ఫరవాలేదు గాని, వీధిలో ఒక మాట, ఇక్కడ ఇంకో మాట అయితే గుట్టు బయటపడుతుందనుకుంది.

"ఉందండీ. బాగా తాగుతాడండీ" అంది.

దుర్గాశంకర్ మొదటి రోజుల్లో ఆ అబద్ధానికి ఊ కొట్టాడు, ఇప్పుడు కాదనే ఓపిక లేదు. "తాగుడు మానకపోతే ఈ వణుకు తగ్గదమ్మా" అన్నాడు డాక్టరు. మాత్ర మార్చలేదు. లేని తాగుడు మానమన్నాడు, అంతే. ఇంటికొచ్చి కోడలితో, వణుకు దానంతటదే తగ్గుతుందన్నాడని చెప్పి సరిపెట్టింది చౌడేశ్వరమ్మ. నెలల తరబడి ఆ వణుకుతోనే అతను షెడ్డులో లారీల వెనక నంబర్లు దిద్దుకుంటూ గడిపాడు.

అబద్ధం అక్కడితో ఆగితే బాగుండును. కూచిపూడి దగ్గర ఏదో ఊళ్ళో తాగుడు మానిపించే కషాయం పోస్తారని మణెమ్మ కబురు తెచ్చింది, తోడు కూడా వస్తానంది. చౌడేశ్వరమ్మ కాదంటే ఎలా? తాగుబోతు తల్లి కషాయం వద్దంటుందా? అందుకని కోడలికి చెప్పకుండా, తాగని కొడుకుని బస్సెక్కించి తీసుకెళ్ళింది. అక్కడ ఎవడో గరిటెడు నల్లటి నీళ్ళు గొంతులో పోసి, "ఇహ వాసన చూస్తే కక్కుకుంటావు" అని దీవించాడు. వాసనదాకా ఎందుకు, తిరుగు బస్సులో పామర్రు దాటకముందే ప్రాణం పోయేలా కక్కుకున్నాడు.

ఇంటికొచ్చి గోడకి చేరగిలబడ్డ మొగుణ్ణి చూసి కనకలక్ష్మి అత్తగారి మీద విరుచుకుపడింది. చౌడేశ్వరమ్మ తప్పు కప్పుకోబోయి, "నాకేం సరదానా? తాగుడు మానితే గాని వణుకు తగ్గదని డాక్టరు గారే అన్నారు" అని నోరు జారింది.

"డాక్టరుకి కూడా చెప్పారా?" అంది కనకలక్ష్మి. ఆవిడ గొంతు అంత నెమ్మదిగా ఉండటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. "వీధికి చెప్పారంటే పోనీలే అని ఓర్చుకున్నా. డాక్టరుకి చెప్పి ఇన్నాళ్ళు ఈ మనిషి చేతులు పాడు చేశారా అత్తయ్యా?"

మర్నాడు మొగుణ్ణి తీసుకుని గవర్నర్‌పేట వెళ్ళింది. నర్సు అక్కడే ఉంది. ఉంటే ఉంది. "మా ఆయన పుట్టి బుద్ధెరిగి తాగలేదండీ. చేతులు వణకడం మీరిచ్చిన మాత్రతోనే మొదలైంది" అంది. డాక్టరు ఇబ్బందిగా కుర్చీలో కదిలి, "మరి ఆ రోజు అడిగితే ఆవిడ ఉందన్నారు గదమ్మా" అన్నాడు.

"మీరు అడగాల్సింది ఈయన్నండీ. ఈయన మీ ఎదురుగానే కూర్చుని ఉన్నారు గదా! మతి చెడ్డవాడి మాట ఎవరు వింటారులే అని వీధిలో అనుకుంటారు. మీరూ అలాగే అనుకుంటే మేం ఎక్కడికి పోవాలి?"

డాక్టరు కుర్చీ దుర్గాశంకర్ వైపు తిప్పుకుని మొదటినుంచీ అతన్నే అడిగాడు. పాత మాత్ర మెల్లగా తగ్గిస్తూ మూడో మాత్ర మొదలుపెట్టాడు. మధ్యలో కొన్నాళ్ళు తల తిరిగింది, నిద్ర చెదిరింది. తర్వాత అన్నీ సర్దుకున్నాయి. నోరెండిపోవడం ఒక్కటి మిగిలింది. చేతిసంచిలో నీళ్ళ సీసా ఉంటే సరి. ఒకనాడు పెరటి గోడ మీద బ్రష్షుతో 'శ్రీ' రాసి చూసుకున్నాడు. మెలిక కుదురుగా తిరిగింది. చాలాసేపు దాని ముందే నిలబడ్డాడు.

హనుమయ్య గారి కొత్త లారీ షెడ్డుకొచ్చింది. ఆయన ఉయ్యూరు వైపు రైతు, పెద్దమనిషి. దుర్గాశంకర్ చేతి రాత చూసి ముచ్చటపడి, భుజం తట్టి, "తాగుడు మానేశావంటగా? సంతోషం అబ్బాయ్. మన బండి మీద అమ్మవారి పేరు నువ్వే రాయాలి" అన్నాడు.

తల ఊపితే చాలు, పాత పేరు పాత చేతికి తిరిగొచ్చేది. దుర్గాశంకర్‌కి గరిటెలోని నల్లటి నీళ్ళు గుర్తొచ్చాయి. రెండేళ్ళలో మొదటిసారి అతనికి నిండుగా కోపం వచ్చింది.

"నేనెప్పుడూ తాగలేదండీ. మనసు బాగాలేక డాక్టరు దగ్గర మాత్రలు వాడుతున్నా. ఇప్పుడు కూడా వాడుతున్నా. అందుకే చెయ్యి బాగుంది."

హనుమయ్య చెయ్యి భుజం మీది నుంచి దిగిపోయింది. "అట్లాగా" అన్నాడు. కాసేపు టైర్ల వంక చూసి, "ఏమనుకోమాకు. వెనకాల నంబర్లూ అవీ నువ్వు రాయి. ముందు పేరు జయకృష్ణ రాస్తాడులే" అన్నాడు. ఆ జయకృష్ణ పక్క షెడ్డు పెయింటరు. పొద్దున పదింటికే వాసన కొడుతూ వచ్చి కొబ్బరికాయ అందుకున్నాడు. అందులో హనుమయ్యకి అశుభమేమీ కనిపించలేదు.

"నంబర్లు కూడా ఆయన చేతే రాయించుకోండి" అని దుర్గాశంకర్ బ్రష్షు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి చౌడేశ్వరమ్మ, మణెమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తున్నారు. అతను వచ్చి మెట్టు మీద కూర్చుని, జరిగింది తల్లికి రెండు ముక్కల్లో చెప్పాడు. మణెమ్మకి అర్థం కాలేదు. "మాత్రలేందే? మళ్ళీ తాగుడు మొదలెట్టాడా?" అంది.

చౌడేశ్వరమ్మ కొడుకు చేతుల వంక చూసింది. మోకాళ్ళ మీద కదలకుండా ఉన్నాయి.

"వాడు తాగలేదే. ఎప్పుడూ తాగలేదు. మనసుకి జబ్బు చేసింది. సిగ్గుపడి నేనే అబద్ధం చెప్పా."

మణెమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో రాత! తాగుడైతే బాగుండేది గదే!"

చౌడేశ్వరమ్మ మొహం మీద చరిచినట్టు ఉలిక్కిపడింది. అచ్చం తన మాటే. ఎదుటి మనిషి నోట్లోంచి వింటే ఎంత పాపిష్టి మాటో అప్పుడు తెలిసింది. చిక్కుడుకాయల చేట పక్కకి నెట్టి లేచింది. లోపలికి పోయి బియ్యం డ్రమ్ము వెనక నుంచి మాత్రల డబ్బా తీసుకుని, మంచినీళ్ళ చెంబుతో మళ్ళీ అరుగు మీదికే వచ్చింది.

"మధ్యాహ్నం మాత్ర వేసుకున్నావా నాయనా?" అంది, వీధి చివరిదాకా వినపడేలా.