డెల్ఫిమ్ ఆవిలా పూచీకత్తు

డెల్ఫిమ్ ఆవిలా నలభై ఒక్క ఏళ్ళు ఇళ్ళకు కప్పులు వేశాడు. టులేరీ ఊరి చుట్టుపక్కల పాడి రైతుల ఇళ్ళలో సగానికి ఆయన చెయ్యి పడింది. మరిగే తారుకు కాలి కాలి చేతివేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. మోకాళ్ళు అరిగి నిచ్చెన ఎక్కడం మానేసినప్పటినుంచి ఆ మొద్దుతనం వేళ్ళు దాటి లోపలికి పాకినట్టుంది. పొద్దున లేచేవాడు, భార్య లూర్దెస్ పెట్టిన రొట్టె తినేవాడు, వాకిట్లో కుర్చీ వేసుకుని పాల లారీలు పోతుంటే చూసేవాడు.

"నీకంటే ఆవులు నయం. మేత తిన్నాక ఒక్కసారైనా అరుస్తాయి," అనేది లూర్దెస్.

ఆమె చెల్లెలి అల్లుడు మార్టీ సిల్వేరాకు చేతిలో పని కంటే నోట్లో మాట ఎక్కువ. కప్పులు వేసే కాంట్రాక్టరు లైసెన్స్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఒక ఆదివారం పందిమాంసం సాసేజ్‌లు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"మామయ్యా, నీ లైసెన్స్ బీరువాలో ఊరికే పడుంది. నా కంపెనీకి నీ పేరియ్యి చాలు. నువ్వు నిచ్చెన ముట్టుకోనక్కర్లా. నెలకి అయిదొందలు పంపిస్తా."

"చట్టప్రకారం నేను దగ్గరుండి చూడాలి కదరా."

"చూద్దువుగానిలే. పిలుస్తాగా!"

అలా పేరిచ్చినవాడి తరఫున ఇంకొక కంపెనీ పాతిక వేల డాలర్లకు పూచీ పడాలి. చాలామంది దాన్ని బీమా అనుకుంటారు. ఇంటివాళ్ళకు నష్టం జరిగితే ఆ కంపెనీ ముందు కడుతుంది, ఆ తరువాత సంతకం పెట్టినవాడి దగ్గర సెంటుతో సహా రాబట్టుకుంటుంది. డెల్ఫిమ్ తన సొంత పనికోసం ఇలాంటి కాగితాల మీద ఎన్నో ఏళ్ళు సంతకాలు పెట్టాడు. ఏనాడూ ఆయన మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. అందుకే ఈసారి చదవనైనా చదవకుండా పెట్టేశాడు.

రెండేళ్ళు గడిచాయి. మార్టీ పిలవలేదు. ఆయనా అడగలేదు.

ఫిబ్రవరిలో పూచీ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పక్క ఊరు విసేలియాలో రూథాన్ టోలివర్ అనే ఆవిడ, స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఇంటికి కొత్త కప్పు వేయమని మార్టీకి డబ్బిచ్చింది. అతను పాతది పీకి, కొత్తది సగం వేసి, మాయమయ్యాడు. జనవరి వానలకు పడకగది సీలింగు ఊడి మంచం మీద పడింది. మార్టీ మీదా, డెల్ఫిమ్ మీదా ఆవిడ ఫిర్యాదు చేసింది.

ఆ సాయంత్రమే పక్క రాష్ట్రం నెవాడా నుంచి మార్టీ ఫోన్ చేశాడు. "మామయ్యా, కంపెనీవాళ్ళు ఫోన్ చేస్తారు. రెండుసార్లు వెళ్ళి చూశానని చెప్పు. ఆవిడే పని ఆపించిందని చెప్పు. అంతే, ఇద్దరం గట్టెక్కుతాం." డెల్ఫిమ్ ఊఁ కొట్టాడు.

మర్నాడు పూచీ కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"ఆవిలా గారూ, ఆ ఇంటి పని మీరు ఎన్నిసార్లు చూశారు?"

"చూళ్ళేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఆ ఇల్లెక్కడుందో కూడా తెలీదమ్మా నాకు."

అవతల కాసేపు టైపు చేస్తున్న చప్పుడు. "మీరన్నది నేను రాసుకుంటున్నానండీ. తెలుసు కదా?"

"రాసుకో."

నిజమే చెప్పాలన్న పట్టుదలేమీ ఆయనకు లేదు. అబద్ధాన్ని మోసేంత ఓపిక లేకపోయింది, అంతే. వంటింట్లోంచి విన్న లూర్దెస్ చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది.

"రెండుసార్లు అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? పెళ్ళయి నలభై ఆరేళ్ళు, ఒక్కరోజైనా సరిగ్గా మాట్లాడావు కాదు. ఇవాళే దొరికిందా నీకు నోరు?"

ఆయన ఉత్తరంలోని చిరునామా చించి జేబులో పెట్టుకుని విసేలియా బయల్దేరాడు.

కప్పు మీద నీలం టార్పాలిన్ పట్టా పరిచి ఉంది. టోలివర్ ఆయన్ని తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుంది. "హమ్మయ్య, వచ్చారా! పదకొండు రోజుల్నుంచి వంటింట్లో కుర్చీలో పడుకుంటున్నా," అంటూ లోపలికి తీసుకెళ్ళింది. చెక్కబద్దలు బయటపడ్డ పడకగదిలో ఆయన తలెత్తి చూశాడు. ఒక్క చూపే పట్టింది.

"పొగగొట్టం చుట్టూ రేకు వెయ్యలేదు. నీళ్ళు అక్కణ్ణించే దిగాయి."

"మీరిలా చూసి అలా చెప్పేశారే! ఆ పనివాళ్ళకి ఇది చెప్పే మనిషే లేడా?"

"ఉన్నాడు. నేనే. కాగితాల్లో ఉన్న పేరు నాదే."

ఆవిడ ఆయన్ని తేరిపార చూసింది. "మరి మీరెక్కడున్నారు?"

"ఇంట్లో ఉన్నానమ్మా. వాకిట్లో కూర్చుని ఉన్నా."

తిడుతుందనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. ఆయన్ని గుమ్మం దాకా నడిపించి, "కొంచెం జరగండి, తలుపేసుకోవాలి. చలొస్తోంది," అంది.

మార్చిలో కంపెనీ ఆవిడకు డబ్బు కట్టేసి, అది తిరిగి కట్టమని డెల్ఫిమ్‌కు రాసింది. ఏటా ఆగస్టులో లూర్దెస్‌ను సముద్రం దగ్గరికి తీసుకెళ్ళే, లోపలే పడుకునే వీలున్న క్యాంపర్ బండిని అమ్మేశారు. కొనేవాళ్ళు వచ్చేలోగా ఆమె దాన్ని తోమి కడిగింది, తను కుట్టిన తెరలు విప్పి మడిచి, వాటిమీద మొహం పెట్టుకుని ఏడ్చింది. డెల్ఫిమ్ గేటు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. చెల్లెలితో ఆమె మాటలు మానేసింది, ఈస్టరుకు తీపిరొట్టె మాత్రం పంపింది. మార్టీ మళ్ళీ ఫోన్ చేయలేదు. లైసెన్స్ రద్దు చేయమని డెల్ఫిమ్ తనే దరఖాస్తు పంపేశాడు. ఆ రాత్రి కూడా ఎప్పట్లాగే నిద్రపోయాడు.

ఏప్రిల్ చివర మందులకోసం విసేలియా వెళ్ళినప్పుడు ఆ వీధిలోంచి కారు పోనిచ్చాడు. ఎవరో మంచి పనివాడు కప్పు పూర్తిచేశాడు. వరసలు తిన్నగా ఉన్నాయి, పొగగొట్టం చుట్టూ రేకు మెరుస్తోంది. కారాపి, మనసులో ఏదో ఒకటి కదులుతుందేమోనని చూశాడు. వెనక బండివాడు హారన్ కొట్టాడు. డెల్ఫిమ్ గేరు మార్చి మందుల షాపువైపు వెళ్ళిపోయాడు.