ఇత్తడి బిందె మీద అమ్మ పేరు

మా చిన్నప్పుడు... జనగామ స్టేషన్ రోడ్డులో ఓ గిన్నెల దుకాణం ఉండేది. లోపలికి అడుగు పెట్టకముందే టక్ టక్ మని చప్పుడు వినిపించేది. అరుగు మీద మల్లయ్య తాత కూర్చుని, చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. పేరు కొట్టించకుండా ఎవరూ సామాను తీసుకెళ్ళేవారు కాదు... పక్కింటి పెళ్ళికి పోయిన గంగాళం మళ్ళీ మనిల్లు చేరాలంటే అదే గుర్తు మరి!

మాది తరిగొప్పుల. ఓ రోజు అమ్మ, నేను బస్సెక్కి ఆ దుకాణానికి పోయాం. పత్తి ఏరి కూడబెట్టుకున్న కూలితో అమ్మ ఇత్తడి బిందె కొనుక్కుంది. అప్పటిదాకా మాకున్నది సొట్టలు పడ్డ సిల్వర్ బిందె... దాన్ని బోరింగు దగ్గర పెట్టాలంటే అమ్మకు ఎంత నామోషీయో!

"పేరేం కొట్టాలె బిడ్డా?" అన్నాడు తాత.

అమ్మ తల దించుకుంది. గిన్నె మీద మొగుడి పేరు ఉండాలి... మొగుడి పేరేమో నోటితో పలకకూడదు! కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్ను ముందుకు తోసింది.

"నువ్వు చెప్పు పిల్లా..."

బిందె అమ్మది కదా... అమ్మ పేరే చెప్పాలనుకున్నాను. "రాజవ్వ" అన్నాను గట్టిగా.

"అయ్యో, గది గాదే..." అమ్మ కంగారు పడింది. తాత ఉలి పట్టుకుని నవ్వుతున్నాడు. "ఏం బిడ్డా, కొట్టాల్నా వద్దా?"

అమ్మ బిందెను చూసింది. దాని అంచు నిమిరింది. తర్వాత మెల్లగా... "కొట్టు తాతా" అంది.

బస్సులో దారి పొడుగునా ఆ పేరు కనబడకుండా బిందెకు కొంగు కప్పే కూర్చుంది పిచ్చితల్లి. బాపు ఏమంటాడోనని భయం.

ఇంటికి రాగానే బాపు బిందె తిప్పి చూసి, కూడబలుక్కుని చదివాడు. నానమ్మ ఊరుకుంటుందా! "ఇంత పెద్ద బిందె మీద మొగోని పేరు లేదారా?" అని మొదలుపెట్టింది.

"నీళ్ళు మోసేది గామెనేనాయె అవ్వా... గామె పేరే ఉండనియ్" అన్నాడు బాపు.

అమ్మ వెంటనే బిందె ఎత్తుకుని నీళ్ళకు పోయింది... ఇంట్లో నీళ్ళున్నా సరే!

అమ్మకు చదువు రాదు. కానీ చింతపండుతో ఆ బిందె తోముతూ, చుక్కల మీద వేలు తిప్పుతూ ఉండేది... నన్ను పిలిచి, బాపు చదివినట్టే ఇది 'రా', ఇది 'జ' అని చూపించేది.

ఇప్పుడు ఆ గిన్నెల దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మల్లయ్య తాత లేడు. గిన్నెలు అట్టపెట్టెల్లో ఇంటికే వస్తున్నాయి... పక్కింటికి పోవు కాబట్టి పేరూ అక్కర్లేదు.

అమ్మ కూడా లేదు. బిందె నా దగ్గరుంది. తోమినప్పుడల్లా నా వేలు కూడా ఆ చుక్కల మీదికే పోతుంది... కళ్ళు నిండిపోతాయి.

మీ ఇంట్లో ఏ గిన్నె మీదైనా మీ అమ్మ పేరుందా? ఉంటే ఆ పేరు ఇక్కడ రాయండి...

లేకపోతే... ఇక్కడైనా తప్పకుండా రాయండి.