ఏడో అధ్యాయం చదవాల్సిన ఆదివారం

ఆదివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా పాస్టరుగారు గోడ గడియారం వైపు చూశారు. ప్రతి ఆదివారం ఆ వేళకే చూసేవారు. రెండో పాట అయ్యాక ఈ వారం వంతు ఎవరిదని అడిగేవారు. వంతు వచ్చినవాళ్లు ముందుకు వెళ్లి పెద్ద బైబిలులో ఒక అధ్యాయం మొత్తం పైకి చదివేవారు. కొన్ని వారాలుగా అడగనట్టే ఆ రోజు కూడా ఆయన వంతు సంగతి అడగలేదు. ఇకనుంచి అధ్యాయం చదివే సమయంలో దేశం కోసం ప్రార్థన చేద్దామన్నారు. దేశం తిరిగి వాక్యానికి రావాలన్నది ప్రార్థన అంశం.

నేను చుట్టూ మొహాలు చూశాను. ఎవరికీ ఏమీ అనిపించినట్టు లేదు. దేశం బైబిలు వైపు తిరగాలని ప్రార్థించడానికి టైము చాలక బైబిలు చదవడం మానేసిన సంఘం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. లక్డారం దారిలోని మా రేకుల మందిరంలో మాత్రం అదే జరిగింది.

టైము చాలదన్నది నిజమే. మా వాళ్లలో సగం మంది పటాన్‌చెరు చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేస్తారు. ఆదివారం సెలవు అందరికీ ఉండదు. మధ్యాహ్నం షిఫ్టు వాళ్ల కోసం కంపెనీ బస్సు పన్నెండున్నరకు వచ్చి హారన్ కొడుతుంది. ఆలోపు అన్నీ ముగియాలి, ఏదో ఒకటి తగ్గించాలి. పాటలు తగ్గించవచ్చు. ప్రకటనలు తగ్గించవచ్చు. మావాళ్లు తగ్గించింది వాక్యాన్ని.

వంతులు నా భార్య చూసుకునేది. చదువు రాదన్న సాకు ఆమె దగ్గర చెల్లేది కాదు. చదవలేని వాళ్ల పక్కన నిలబడి, అర వాక్యం చొప్పున మెల్లగా చెప్పేది. వాళ్లు పైకి పలికేవారు. మందుల కంపెనీ క్యాంటీన్‌లో వంట చేసే ఒకామె మొదటిసారి లేచినప్పుడు గొంతు పెగల్లేదు. నా భార్య పక్కనుంచి "గట్టిగా" అంది. అది కూడా వాక్యమే అనుకుని ఆమె "గట్టిగా" అని అందరికీ వినపడేలా చదివింది. మందిరమంతా నవ్వింది. "గట్టిగా అని ఏ ప్రవక్త చెప్పిండే?" అని ఆడవాళ్లు చాలా రోజులు ఆటపట్టించారు. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ తన వంతు వదులుకోలేదు.

నా భార్య పోయిన వానాకాలంలో చనిపోయింది. అప్పటికి చదువు ఒక ప్రవక్త గ్రంథంలో ఆరో అధ్యాయం దాకా వచ్చింది. ఏడోది క్యాంటీన్ ఆమె వంతు. తను లేవలేకపోతే ఆ రోజు పక్కన నన్ను నిలబెడతానని నా భార్య ఆసుపత్రి మంచం మీదనుంచే ఆమెకు మాట ఇచ్చింది. నన్ను అడగలేదు. ఆమె పోయాక, ఆమె మీద గౌరవంతో, సంఘంవాళ్లు కొన్ని వారాలు చదువు ఆపారు. ఆమెకు ఇంతకంటే కోపం తెప్పించే పని ఉండదని చెప్పే ఓపిక అప్పుడు నాకు లేకపోయింది. ఆ ఖాళీలోకే దేశ ప్రార్థన వచ్చింది.

ఆ ఆదివారం కూడిక అయ్యాక క్యాంటీన్ ఆమె చెప్పులు వేసుకుంటూ నన్ను ఆపింది.

"సార్, మరి నా వంతేమాయె? మీరు నిలబడ్తరని అమ్మ చెప్పింది గదా."

పాస్టరుగారితో మాట్లాడతానన్నాను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆయన మంచి మనిషి. నా భార్య ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ వచ్చి మా దగ్గర కూర్చున్నారు. కోపంతో వెళ్లినవాడికి ఇలాంటి జ్ఞాపకాలు అడ్డం వస్తాయి. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. అధ్యాయం చదువుతుంటే పడుచువాళ్లు ఫోన్లు చూస్తున్నారని, వంశావళులు వస్తే పెద్దవాళ్లు కూడా కునుకుతున్నారని ఆయన చెప్పారు. "దేశం ఎటు పోతుందో సూస్తనే ఉన్నరు గదా సార్. ప్రార్థన లేకుంటే ఎట్ల?" అన్నారు.

దేశం సత్యానికి తిరిగి రావాలన్న మాటలో నాకు అనుమానం లేదు. అబద్ధం చెప్పడం ఇప్పుడు తెలివి కింద లెక్క. మా వాగులో నీళ్ల రంగు మారితే అది ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. వాక్యం వింటే మనిషికి నోరు వస్తుందని, సిగ్గు కూడా వస్తుందని నేను నమ్ముతాను. కాని ఎక్కడికి తిరిగి రావాలో వినకుండా ఎవరైనా ఎలా తిరిగి వస్తారు?

ఏడో అధ్యాయంలో ఏముందో ఆయనకు గుర్తు చేశాను. ప్రవక్త మందిరం గుమ్మంలో నిలబడతాడు. మాట్లాడేది బయటి జనంతో కాదు, ఆరాధనకు లోపలికి వచ్చేవాళ్లతో. దేవుని మందిరం మాదేనని చెప్పుకుంటూ పరదేశిని, తండ్రిలేని పిల్లలను, విధవరాలిని బాధపెట్టవద్దంటాడు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కూలీలను ఒకే గదిలో కుక్కి కిరాయి తీసుకుని, నీళ్లు రోజు విడిచి రోజు వదిలేవాళ్లు మా సంఘంలోనే ఉన్నారు.

"దేశాన్ని రమ్మంటున్నం. మనమేడున్నమో సూసుకోవద్దా అయ్యగారూ?" అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "మీ బాధ నాకు తెల్సు సార్. అమ్మ యాదికొస్తది."

భార్య పోయినవాడు ఏం మాట్లాడినా దుఃఖం కిందే జమకడతారు. నేను వాక్యం గురించి మాట్లాడాను, ఆయన నన్ను ఓదార్చారు. చివరికి, రిపబ్లిక్ డే ముందు ఆదివారం దేశ ప్రార్థన పెద్దగా పెడుతున్నామని, ఆ రోజు ఏడో అధ్యాయం చదివిద్దామని మాట ఇచ్చారు.

క్యాంటీన్ ఆమె షిఫ్టు లేని సాయంత్రాలు మా ఇంటికి వచ్చి సాధన చేసింది. నాకు పద్ధతి తెలియలేదు. "అంత పొడుగు చెప్తే నేనెట్ల పట్టుకోవాలె సార్? అమ్మ ముక్కలు ముక్కలు చేసి ఇస్తుండె," అంది. ముక్కలు చేయడం నేర్చుకున్నాను. నా భార్య ఎక్కడ ఊపిరి తీసుకునేదో అప్పుడు కొంచెం అర్థమైంది.

రిపబ్లిక్ డే ముందు ఆదివారం గుమ్మం మీద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద దేశపటం, మధ్యలో తెరిచిన బైబిలు బొమ్మ. పాటలు ఎక్కువయ్యాయి. సంగారెడ్డి నుంచి వచ్చిన ప్రసంగీకుడు రాష్ట్రాల పేర్లు ఒక్కొక్కటే చెప్పి ప్రార్థన చేయించాడు. గుర్తొచ్చిన వరసలో చెప్పాడు కాబట్టి కొన్ని రెండోసారి కూడా వచ్చాయి. నేను పెద్ద బైబిలు తెరిచి బల్ల దగ్గర నిలబడ్డాను. ఆమె గంజిపెట్టిన చీరలో నా పక్కన నిలబడింది. పాస్టరుగారు ఒక్క నిమిషం ఆగమని చేత్తో సైగ చేశారు. తర్వాత ఇంకోసారి చేశారు. దేశమంతా వాక్యం వినాలి ప్రభువా అని ప్రసంగీకుడు మైకులో ప్రార్థిస్తుండగా రోడ్డు మీద హారన్ మోగింది.

ఆమె తెరిచి ఉన్న పేజీ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"ఇగ పోతా సార్. బస్సు దొరకది."

టిఫిన్ సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకొందరు లేచారు. నేను బైబిలు మూసేశాను.

ఆ బల్ల మీద ఇప్పుడు స్పీకరు పెట్టారు. పెద్ద బైబిలు బీరువాలో ఉంది. క్యాంటీన్ ఆమె కనబడితే వందనాలు చెబుతుంది, వంతు సంగతి అడగదు. దేశం కోసం ప్రార్థన ప్రతి ఆదివారం పది ఇరవైకి మొదలవుతుంది. మా మందిరంలో అధ్యాయం చదవడం లేదు.